దొప్పెడు నీళ్లు పట్టి నడవమన్న సూదక్క

సుగుణమ్మ గారు ఇక లేరన్న వార్త నాకు చేరేసరికి నా చేతిలో తట్టు టీకా సీసా ఉంది. అప్పుడే మందుపొడిలో నీళ్లు కలిపాను. ఉసూర్ బ్లాకులో వాగు అవతల ఒక చిన్న గూడెం అది. వెదురు దడి నీడన చాపల మీద తల్లులు చంటిబిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ గూడెంలో ఫోన్ పలికేది ఊరి చివర ఇప్పచెట్టు కింద మాత్రమే. అక్కడికి వెళ్లి మాట్లాడి వచ్చిన ఆయ్తే నా పక్కన నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. ఆయ్తే ఆ గూడెం మితానిన్, అంటే ఊళ్లోనే ఉంటూ తల్లీబిడ్డల మంచిచెడ్డలు కనిపెట్టుకునే ఆరోగ్య కార్యకర్త.

"సూదక్క పోయిందంట. పొద్దుగాల. వాళ్ల తమ్ముడు ఫోన్ జేసిండు."

మొన్న ఆదివారం ఫోనులో నన్ను తిట్టిన మనిషి ఇవాళ లేకపోవడమేమిటి? ఉన్నపళంగా ఆమె ఉండే భోపాలపట్నం పరుగెత్తాలనిపించింది. కాని కలిపిన టీకాను నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేదా పారబొయ్యాలి. ఈ నియమం నా చేత అక్షరం పొల్లుపోకుండా పాటింపజేసింది ఆమే. తన తల్లి కన్నుమూసిన కబురు వచ్చిన రోజున కూడా సీసా ఖాళీ అయ్యాకే చాప మీది నుంచి లేచిందట. "ఏడుపుకు తొందరేమున్నదే? ఎప్పుడన్నా ఏడ్వొచ్చు. సీసా ఆగదు" అనేది. ఆ మాట ఆ రోజు నా మీదే అమలైంది. తర్వాతి బిడ్డను సరిగా పట్టుకోమని తల్లికి చెప్పి సూది అందుకున్నాను.

ఆమె మీద నాలుగు మాటలు రాయమన్న మిత్రులు, "శాంతమూర్తి, మృదుభాషిణి, త్యాగమయి" లాంటి పదాలు నా ముందు పెట్టారు. వాటిలో మొదటి రెండూ వింటే ఆమెను ఎరిగినవాళ్లు పడీపడీ నవ్వుతారు. మూడోది వింటే ఆమే నన్ను కొట్టడానికి వస్తుంది. "గారు" అన్నా ఊరుకునేది కాదు, "ఎవరి గురించే చెప్తున్నవ్?" అని వెనక్కి తిరిగి చూసేది. అందుకే మొదటి వాక్యంలో మర్యాదకు ఒక్కసారి గారు అన్నాను. ఇక మీదట అక్క అనే అంటాను. గూడేల్లో అందరికీ ఆమె సూదక్క. సూదులేసే అక్క కనుక సూదక్క.

భోపాలపట్నంలో ఉప్పూ పప్పూ గుడ్డలూ అమ్మే తెలుగు షావుకారింటి పెద్దకూతురు ఆమె. కొట్టుకొచ్చే దొర్ల తెగ ఆడవాళ్ల దగ్గర దొర్లీ, సంతలో గోండీ, బడిలో హిందీ, జగదల్‌పూర్‌లో నర్సు చదువు చదివేటప్పుడు హల్బీ నేర్చుకుంది. ఇన్ని భాషల్లోనూ ఆమెకు తిట్లు పుష్కలంగా వచ్చు. గనుల టౌన్‌షిప్‌లో ఆంధ్ర నుంచి వచ్చిన వాళ్ల మధ్య పెరిగిన నా మాట విని, "నీది పుస్తకం తెలుగు. గూడెంల మాట్లాడితే పాఠం చెప్తున్నవనుకోని పిల్లలు పారిపోతరు" అని ఏడిపించేది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. పిల్లల్లేని మనిషికి పిల్లల సంగతి ఏం తెలుసని ఒక అధికారి నోరు జారితే, "పాలు విరిగినయో లేదో తెల్వాలంటే బర్రెనే అయి పుట్టాల్నా సార్?" అని అడిగిందట. ఆ సారు మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

మా వైపు తట్టును జబ్బు అనరు. "అమ్మ వచ్చింది" అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు. కూరలో పోపు పెట్టరు. పొరుగువాళ్లు గడప తొక్కరు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు మాడిపోయి, బిడ్డకు తలంటు పోసేదాకా ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన మాబోటి వాళ్లం దీన్ని మూఢత్వమని కొట్టిపారేసేవాళ్లం. అక్క అలా అనలేదు. చెప్పులు దడి బయటే విడిచేది. వేపమండకు నమస్కరించేది. "అమ్మకు దణ్ణం పెట్టు, బిడ్డకు సూది పెట్టు. దేవుడు రెండు చేతులిచ్చిండు గదా" అనేది. ఆ వినయం వెనక ఎంత మొండితనం ఉందో సూది వద్దన్న తండ్రికే తెలుస్తుంది. అతను ఒప్పుకునేదాకా అతని వాకిట్లోనే కూర్చుని, అతని ఇంటి చింతపండులో గింజలు తీసిపెడుతూ, అతని చుట్టాల పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతూ ఉండేది. మనిషి విసిగి వేసారి చివరికి బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేవాడు.

దారిలో టీకాల డబ్బా తెరిచి చూపమని ఆపిన తుపాకుల వాళ్లకు కూడా ఆమె లొంగలేదు. ఎవరి తుపాకి అన్నది ఆమెకు పట్టదు. "తెరుస్త. చల్లదనం పోతది. మందు చెడతది. రేపు ఏ బిడ్డకన్న తట్టు వస్తె, ఆ తల్లికి జవాబు నువ్వే చెప్పుకో. నీ పేరు చెప్పు, రాసుకుంట" అనేదట. పేరు చెప్పినవాడు లేడు. డబ్బా తెరిపించినవాడూ లేడు.

ఇన్ని చెప్పి, ఆమె చేసిన ఒక తప్పు చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. దాచిపెట్టవలసిన తప్పు కాదు. తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజే, టీ కూడా ఇవ్వకముందే, ఆమె స్వయంగా చెప్పుకున్న తప్పు. నేను ఆమె నోటా విన్నాను, తర్వాత ఆయ్తే నోటా విన్నాను.

చాలా ఏళ్ల కిందట వాగు అవతలికి దారులు మూసుకుపోయి, రెండేళ్లపాటు ఆ గూడేనికి టీకాలు చేరలేదు. మూడో ఏట ఎండాకాలంలో అక్కడ తట్టు వచ్చింది. అప్పుడు ఆయ్తే కూతురు నందే ఏడు నెలల పసిగుడ్డు. తట్టు టీకా తొమ్మిదో నెల నిండితేగాని వెయ్యరు. అంతకన్నా చిన్నబిడ్డకు రక్ష ఏమిటంటే, చుట్టూ ఉన్న పెద్దపిల్లలకు టీకా పడి ఉండటమే. ఆ దడి ఆ ఏడు లేదు. నందేకు ఒళ్లు కాలింది, దద్దుర్లు లేచాయి, తగ్గాయి. అమ్మ చల్లగా చూసి వెళ్లిపోయిందని అందరూ సంతోషించారు.

ఆరేళ్లు గడిచాయి. నందే చలాకీ పిల్ల. వాగు నుంచి తల్లి వెంట చిన్న కుండతో నీళ్లు తెచ్చేది. ఒకనాడు కుండ జారవిడిచింది. వారం తిరక్కుండా ఇంకోటి. బడిలో వచ్చిన అక్షరాలు మరిచిపోతున్నదని మాస్టారు కబురు పెట్టాడు. మూడో కుండ పగిలిన నాడు ఆయ్తే కూతుర్ని వీపు మీద కొట్టింది. సూదక్క దగ్గరికి తీసుకుపోయి, "ఈ పిల్లకు ధ్యాస లేదు" అని ఫిర్యాదు చేసింది. అక్క కళ్లు చూసి, గోళ్లు చూసి, రక్తం తక్కువైందని ఐరన్ సిరప్ ఇచ్చి పంపింది.

ఆ తర్వాత నందేకు కొత్త కదలిక మొదలైంది. కొన్ని క్షణాలకోసారి తల ముందుకు వాలి, చేతులు విసురుగా ఎగిరి, ఒళ్లంతా ఉలిక్కిపడేది. డోలు దెబ్బకు తగినట్టు ఎప్పుడూ అదే తీరున, అదే వ్యవధిలో జరిగేది. ఊరి పూజలు చేసే వడ్డె, ముత్తయ్య తాత, వచ్చి చాలాసేపు చూశాడు. పసితనంలో తట్టుగా వచ్చిన అమ్మ వెళ్లలేదనీ, పిల్ల ఒంట్లోనే కొలువుందనీ, ఇప్పుడు పూనుతున్నదనీ చెప్పాడు. ఊరు నమ్మింది. పసుపు బొట్టు పెట్టారు. పక్క గూడేల నుంచి కొబ్బరికాయలు పట్టుకుని వచ్చారు. ఆరేళ్ల పిల్లను పీట మీద కూర్చోబెట్టి, వానలు ఎప్పుడు పడతాయని అడిగారు. పిల్ల జవాబు చెప్పలేదు. ఉలిక్కిపడింది. అదే జవాబు అనుకున్నారు.

అక్క కూడా వెళ్లింది. భోపాలపట్నంలో అమ్మవారి జాతరలు చూస్తూ పెరిగిన మనిషి. పసుపూ కుంకుమా పట్టుకెళ్లింది. ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించింది.

ఇప్పపూల కాలం నుంచి తొలకరి దాకా ఇలాగే జరిగింది. పిల్ల నడక తప్పింది. మింగలేకపోయింది. అప్పుడు అక్కకు అనుమానం తగిలింది. ఆయ్తేనూ పిల్లనూ వెంటబెట్టుకుని, జీపులు మారి, బస్సులు మారి, దూరాన ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఒక చిన్నవయసు డాక్టరమ్మ పిల్లను చూసి మొట్టమొదట ఒకే ప్రశ్న వేసింది. ఏడాది నిండకముందు ఈ బిడ్డకు తట్టు వచ్చిందా?

పరీక్షలన్నీ అయ్యాక ఆ డాక్టరమ్మ ఒక పేరు చెప్పింది. ఎస్.ఎస్.పి.ఇ. అని పొట్టిగా అంటారట. తట్టు తగ్గినట్టే తగ్గి, చాలా అరుదుగా కొందరు పిల్లల్లో దాని వైరస్ మెదడులోనే నక్కి ఉండిపోతుంది. ఏళ్ల తరబడి చడీచప్పుడూ చెయ్యదు. పసితనంలో వచ్చినవాళ్లకే ప్రమాదం ఎక్కువ. తర్వాత ఒకనాడు లేచి మెదడును కొద్దికొద్దిగా తినేస్తుంది. మొదట చేతిలో వస్తువులు జారతాయి, చదువు మరుపుకొస్తుంది, ఆ తర్వాత ఈ ఉలికిపాట్లు. కొన్ని మందులు కొందరిలో కొంత నెమ్మదింపజేస్తాయి, అంతే. నయం చెయ్యవు. అసలు రాకుండా ఆపేది ఒక్క టీకాయే.

"నేను మూడు నెలలు మొక్కుకుంట కూసున్న. మొదటి కుండ పగిలిన్నాడే తెస్తె బతికేదా?" అని అక్క అడిగింది. అప్పుడు తెచ్చినా చెయ్యగలిగింది చాలా తక్కువేనని డాక్టరమ్మ మెత్తగా చెప్పింది. ఓదార్చాలనే చెప్పింది. అక్క ఆ ఓదార్పు తీసుకోలేదు. మాకు ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఇక్కడ ఆగి, "మందు తక్కువ అన్నదే గాని, నా తప్పు తక్కువ అనలే" అనేది. నాకు తెలిసి తన తప్పును ఇంత శ్రద్ధగా కాపాడుకున్న మనిషి మరొకరు లేరు. మనమందరం మన తప్పుల మీద బూడిద కప్పుతాం. ఆమె దాన్ని రోజూ తోమి, కనిపించే చోట పెట్టుకుంది.

గూడేనికి తిరిగొచ్చాక పెద్ద చిక్కు వచ్చిపడింది. అమ్మ కొలువున్న ఊళ్లో సూదులు వేస్తే అమ్మకు కోపం వస్తుందని ఒక్క తల్లీ బిడ్డను ముట్టనివ్వలేదు. నందే చుట్టూ ఇంకా ఎందరో పసివాళ్లున్నారు. మళ్లీ ఎండాకాలం వస్తే తట్టూ రావచ్చు. అక్క ముత్తయ్య తాత వాకిట్లోకి వెళ్లి నేల మీద కూర్చుంది. ఆయ్తే పక్కనే ఉంది. ఆ సంభాషణ ఆయ్తేకు ఇప్పటికీ కంఠస్థం.

"తాతా, అది అమ్మ గాదు. అమ్మ ఎప్పుడో పోయింది. పిల్ల నెత్తిల ఉన్నది బిమారి."

"నువ్వు గూడ మొక్కినవ్ గదా సూదక్కా. ఈడనే కూసున్నవ్. పసుపు నువ్వే తెస్తివి."

"మొక్కిన. బిమారున్న పిల్లను ఎత్తుకోని ఉరకాల్సింది, మొక్కుకుంట కూసున్న. తప్పయింది. నువ్వు పెద్దోడివి, నీ ముందట ఒప్పుకుంటున్న."

"అయితే నేను తప్పు చెప్పిననంటవా?"

"నువ్వు నీకొచ్చిన విద్య చేసినవ్. నేను నాకొచ్చిన విద్య మర్శిన. నీకంటె నాదే పెద్ద తప్పు."

అరవై ఏళ్లుగా ఎందరో ఆఫీసర్లు తాత ముందుకొచ్చి అతని తప్పులు చెప్పి పోయారు. తన తప్పు తానే చెప్పుకున్న సర్కారు మనిషిని అతను చూడటం అదే మొదలు. అప్పుడు తాత అన్నాడు.

"అమ్మను ఊర్కనే పొమ్మంటె పోదు. సాగనంపాలె. బుట్టల పెట్టి పొలిమేర దాటియ్యాలె. మోసినోళ్ల వెంట వాళ్లింటికి పోతదని భయం. ఎవరు మోస్తరు?"

"నా ఇంట్ల పిల్లలు లేరు. నేను మోస్త."

మర్నాడు పొద్దున డోలు వాయిస్తూ అమ్మను సాగనంపారు. వేపమండలూ పసుపన్నమూ ఉన్న బుట్టను షావుకారు గారి పెద్దకూతురు నెత్తి మీద పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో పొలిమేర దాకా నడిచింది. దింపాక వెనక్కి తిరిగి చూడకూడదు, వెళ్లిన దారిన రాకూడదు. ఆమె చూడలేదు. ఆ దారిన రాలేదు కూడా. ముందురోజే పొలిమేర అవతల ఒక తెలిసిన ఇంట్లో పెట్టి వచ్చిన టీకాల డబ్బాను భుజానికి తగిలించుకుని, వాగు చుట్టు తిరిగి, ఇంకో దారిన గూడెంలోకి వచ్చింది. ముత్తయ్య తాత తన మనవరాలిని ముందు కూర్చోబెట్టాడు. ఆ పొద్దు మునిగేలోగా ఊళ్లో సూది పడని బిడ్డ లేదు.

బుట్ట మోసినందుకు భోపాలపట్నంలో చుట్టాలు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. "నెల రోజులు ప్రాణానికి హాయిగున్నది" అని నవ్వేది.

అమ్మ వెళ్లిపోయింది కనుక నందే మళ్లీ మామూలు పిల్ల అయింది. ఎవరైనా ఎత్తుకోవచ్చు, నీళ్లు పొయ్యవచ్చు, తల దువ్వవచ్చు. అక్క ఆయ్తేకు పల్చటి జావ కొసరికొసరి తాగించడం నేర్పింది. పడుకోబెట్టిన పక్క మార్చడం, పుండ్లు పడకుండా చూసుకోవడం నేర్పింది. వైద్యానికి చేతకాని జబ్బు ముందు చేతులు ముడుచుకోలేదు. "మందు లేదన్నరు గాని పని లేదనలే గదా" అన్నది. నందే దాదాపు రెండేళ్లు బతికింది. తల్లి ఒళ్లో, కడుపులో ఆకలి లేకుండా కన్నుమూసింది.

మరణ కారణం రాయించడానికి వెళితే ఒక కార్యాలయంలో గుమాస్తా అలవాటుగా కలం తీశాడు. "బుఖార్ లిఖ్ దేతే హైఁ బాయీ, సబ్ యహీ లిఖ్‌తే హైఁ." జ్వరం అని రాద్దాం, అందరూ అదే రాస్తారు అని. అక్క టేబుల్ మీద అరచెయ్యి ఆనించింది. "సబ్ యహీ లిఖ్‌తే హైఁ, ఇసీలియే సబ్ మర్‌తే హైఁ." అందరూ అదే రాస్తారు కనుకే అందరూ చస్తున్నారు. ఆ రోజు అతను రాయలేదు. ఆమె మళ్లీ వెళ్లింది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లింది. చివరికి ఆ పిల్ల పేరు పక్కన తట్టు అన్న మాటా, ఆ నాలుగు అక్షరాల పేరూ పడ్డాయి. అంత చిన్న మాట కోసం అంత తిరగడమెందుకని, నేను పనిలో చేరాక ఎవరో అడిగితే ఆమెకు వచ్చిన కోపం నేను చూశాను. "పిల్ల పోయింది. ఎందుకు పోయిందో గూడ పోవాల్నా?" అని కేక వేసింది. ఆ కేక నేను ఇప్పటికీ నా కాగితాల మీద వింటుంటాను.

ఆ తర్వాత మొదలుపెట్టిందే నీళ్ల నడక. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ ఫారంలోనూ గడి లేదు. ఏటా టీకాలు అయిపోగానే, పసితనంలో తట్టు వచ్చి తగ్గిన పిల్లలందర్నీ పిలిచి, మోదుగాకు దొప్పల్లో అంచుదాకా నీళ్లు పోసి, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు తొణక్కుండా నడవమనేది. ఆమె మాత్రం దొప్పను గాక, ఆ ఉలికిపాటు కనిపిస్తుందేమోనని మోచేతుల్ని చూస్తూ నిలబడేది. పిల్లలకు అది ఆట. గెలిచినవాళ్లకు బెల్లం ముక్క, ఓడినవాళ్లకు రెండు.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఇది ఏ గైడ్‌లైన్‌లో ఉందని అడిగాడు. "వాగుల ఉన్నది సార్, ముంచుకొచ్చిన" అన్నది. నాకు మాత్రం ఆ ఆఫీసరు ప్రశ్న లోపల తొలుస్తూనే ఉండేది. ఒకరోజు అడిగేశాను. "అక్కా, కనిపెట్టి ఏం చేస్తాం? నయం కాదు కదా?"

ఆమె నన్ను తిట్టలేదు. అదే ఆశ్చర్యం. దొప్ప చేత్తో తిప్పుతూ, "కొట్టకుండ ఉంటం" అన్నది. "జబ్బున్న పిల్లకు ముందుగాల దెబ్బలు పడతయే. కుండ పలగ్గొట్టిందని, చదువు మర్శిందని. నందేకు బడ్డయి. ఆయ్తే చేత బడ్డయి. ఆ తల్లి గది ఎట్ల మోస్తున్నదో నాకు ఎరుక. ఇంకో తల్లి మొయ్యొద్దు."

ఆయ్తే మితానిన్ అయింది ఆ బరువుతోనే. ఇప్పుడు వాగు అవతల సూది వద్దనే తల్లి ముందు కూర్చుని నోరు తెరిచేది ఆమే. "నా పిల్లను జూస్తివి గదా" అంటుంది. అంతకు మించి వివరించదు.

మళ్లీ ఆ ఉదయానికి వస్తాను. సీసా ఖాళీ అయింది. నేను డబ్బా సర్దుకుని లేచాను. వాగు ఇవతల జీపు దొరికితే మధ్యాహ్నానికి భోపాలపట్నం చేరి ఆ ముఖం ఒక్కసారి చూడవచ్చు. ఆయ్తే నా దారికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో కుట్టిన దొప్పల కట్ట ఉంది.

"నీళ్లు?"

"ఇవాళ కాదు ఆయ్తే. వచ్చే వారం పెడదాం."

"ఆమె పోయిన్నాడే ఆపితే, ఇంకెప్పుడు పెడతం?"

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. డబ్బా కింద పెట్టాను. పిల్లలు అప్పటికే వరస కట్టారు. ఆయ్తే నీళ్లు పోసింది, నేను మోచేతుల్ని చూస్తూ నిలబడ్డాను. ఒక్కొక్కరే నడిచారు. సోమ్లి అన్న ఏడేళ్ల పిల్ల నాలుగో అడుగులో తడబడింది. దొప్పలో నీళ్లు బొటబొటా కారిపోయాయి. సోమ్లి తల్లి ఒక్క ఉదుటున వచ్చి, భయంతోనే, పిల్ల మీదికి చెయ్యెత్తింది.

ఆ చెయ్యి దిగలేదు. ఆయ్తే దాన్ని గాల్లోనే పట్టుకుంది.

"కొట్టకు. ముందుగాల జూడు."

మోకాళ్ల మీద కూర్చుని పిల్ల చేతులు పట్టుకుని చూసింది, వేళ్లు చూసింది, దొప్పను తిరగేసి చూసింది. అడుగున గుచ్చిన పుల్ల ఊడి ఉంది. నీళ్లు అక్కడి నుంచి కారుతున్నాయి. "నా కుట్టే పాడుగాను" అని ఇంకో దొప్ప తీసి, నిండా నీళ్లు పోసి ఇచ్చింది. సోమ్లి నాలుక బయటపెట్టి, కళ్లు చిట్లించి, ఒక్క చుక్క తొణక్కుండా ఆ చివరిదాకా నడిచి, బెల్లం రెండు ముక్కలు కావాలని పేచీ పెట్టింది. మేమిద్దరం ఒకరినొకరం పట్టుకుని అప్పుడు ఏడ్చాం.

నేను భోపాలపట్నం చేరేసరికి పొద్దు వాలింది. అంతా అయిపోయింది. చితి సద్దుమణిగి పొగ మాత్రం లేస్తున్నది. చివరి చూపు దక్కలేదు. అక్క తమ్ముడు రాజన్న మామ తడి పంచెతో నా వైపు వచ్చాడు.

"నీకోసం ఎంతసేపు ఆగినం బిడ్డా. ఎండకు ఇంక ఆపలేకపోయినం. ఇంత ఆలస్యమేంది?"

"నీళ్లు పెట్టి వచ్చినం మామా" అన్నాను. పుస్తకం తెలుగు నోట్లోకి రాలేదు.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అయితే సరే. అక్క లేచి కూసున్నా మొదలు గదే అడుగుతది" అన్నాడు.

ఆమె ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆమె స్థానంలో కాదు. అది ఖాళీ, అలాగే ఉంటుంది. తప్పు ఒప్పుకుని ఊరిని గెలిచిన మనిషిని ఏ బదిలీ ఉత్తర్వూ తెచ్చి ఇవ్వలేదు. ఆమె ఆత్మకు శాంతి కలగాలని నేను ప్రార్థించను. వాగు అవతల సూది పడని ఒక్క బిడ్డ మిగిలి ఉన్నా ఆ మనిషికి శాంతి ఉండదు, ఉండకూడదు, మాకూ ఉండనివ్వదు. పూలదండలు కూడా వద్దు. ఎప్పుడైనా మీ ఇంట్లో పిల్ల చేతిలోంచి గిన్నె జారి పగిలితే, చెయ్యెత్తే ముందు ఒక్కసారి వంగి ఆ చేతులు చూడండి. మా సూదక్కకు మీరు పెట్టే దణ్ణం అదే.